పియానో ఫొటో పెద్దమనిషి దగ్గర డిస్కులు కొనకండి

ఒళ్ళు మండి రాస్తున్నాను, అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి. ఎవరి గురించో పేరు పెట్టి చెప్పక్కర్లేదు. ప్రొఫైల్‌లో తెల్ల కుర్తా, వెనకాల నల్ల పియానో, ప్రతి పోస్టు కిందా "నమస్తే మిత్రమా". ఆయనే. సినిమా డిస్కులు కూడబెట్టే మన కలెక్టర్లలో సగం మందికి ఆయన "సార్".

కొన్నది 'ది టాలెంటెడ్ మిస్టర్ రిప్లే' బ్లూరే డిస్కు. 1999 సినిమా, మ్యాట్ డేమన్, జూడ్ లా. డబ్బున్నవాళ్ళ మధ్య దూరి, తియ్యగా మాట్లాడి, చివరికి వాళ్ళ పేరు, ఉంగరాలు, సంతకం కూడా తనవే చేసుకునే టామ్ రిప్లే అనే కుర్రాడి కథ. అవును, సరిగ్గా ఆ సినిమానే. నవ్వుకునేవాళ్ళు ఇక్కడే నవ్వేసుకోండి.

ఓటీటీలో చూడొచ్చుగా అంటారు. నాకు కావాల్సింది దర్శకుడు ఆంథొనీ మింగెల్లా కామెంటరీ. ఆయన 2008లో పోయాడు. ఏ సీను ఎందుకలా తీశాడో ఆయన గొంతులోనే వినాలంటే డిస్కే గతి. ఆ మాట గ్రూపులో అన్నానో లేదో, మెసేజ్ వచ్చి పడింది. "అన్నగారూ, నా దగ్గర రెండు కాపీలున్నాయి. ఒకటి మీ కోసమే పక్కన పెట్టాను."

ఇక కబుర్లు చూడాలి! గేబ్రియల్ యారెద్ సంగీతం గురించి చెప్పాడు. ఇదే కథతో 1960లో అలెన్ డెలాన్ చేసిన ఫ్రెంచి సినిమాతో పోల్చాడు. 2024లో ఆండ్రూ స్కాట్‌తో వచ్చిన నలుపు తెలుపు సిరీస్ సాగదీశారన్నాడు. నా మనసులో మాటలన్నీ ఈయనకెలా తెలుసబ్బా అని మురిసిపోయాను. తెలియకేం, అవన్నీ నా పాత పోస్టుల్లో ఉన్నవేగా! సినిమాలో టామ్ ఇటలీ వెళ్ళేముందు కళ్ళకి గంతలు కట్టుకుని జాజ్ రికార్డులు వింటూ, ఏది ఎవరిదో బట్టీపడతాడు చూడండి. టామ్ వల వేసే డబ్బున్న కుర్రాడు డికీకి జాజ్ పిచ్చి. తర్వాత డికీ ముందు ఆ రికార్డులు పొరపాటున జారిపడినట్టు పడేస్తాడు, వాడు బుట్టలో పడతాడు. నాకూ అదే జరిగింది. నా రికార్డులే నా ముందు పడేశాడు.

పైగా, "కిందటేడు ఫ్యామిలీతో మోంజిబెల్లో వెళ్ళాం అన్నగారూ, డికీ ఇల్లు ఇప్పటికీ అలాగే ఉంది" అన్నాడు. అయ్యా, ఆ సముద్రపుటూరు లోకంలో ఎక్కడా లేదు. ప్యాట్రీషియా హైస్మిత్ 1955 నవలలో కల్పించిన ఊరు. సినిమావాళ్ళు నేపుల్స్ దగ్గరి ఇస్కియా, ప్రోచిడా దీవుల్లో తీసి దాన్ని సృష్టించారు. దీని మీద ఒకప్పుడు పేద్ద పోస్టు రాసిన మేధావిని నేనే. ఆయన గారికి నా జవాబు ఏంటో తెలుసా? "అదృష్టవంతులండీ." నా మొహం!

రూ. 2,800 ముందే పంపేశాను. సగం ఇప్పుడు, సగం తర్వాత అని అడగబోతే, "మన మధ్య అవన్నీ ఎందుకు?" అన్నాడు. నిజమే కదా అనిపించింది.

పార్సిల్ వచ్చింది. కవర్ మీద బొమ్మ చూసి ముచ్చటపడి బొటనవేలితో రుద్దానో లేదో, చెమటకి సముద్రం నీలం వేలికంటుకుంది. ప్రింటరు ఇంకు. డిస్కు తిరగేస్తే అడుగున వంగపండు రంగు. ఇంట్లో రాసుకునే మామూలు డీవీడీ అది. బ్లూరే కాదు, కంపెనీ డీవీడీ కూడా కాదు. కంప్యూటర్లో పెడితే మెనూ లేదు, కామెంటరీ లేదు, ఒకే ఒక్క ఫైలు. కుడివైపు పైన టీవీ ఛానెల్ లోగో! సినిమా 139 నిమిషాలు. ఇది రెండు గంటలు కూడా లేదు. చివర్లో పడవలో టామ్ చేతిలో చచ్చిపోయే పీటర్, పాపం, ఆ పడవెక్కేలోపే అయిపోయింది. ఒక రకంగా పీటర్ ప్రాణం కాపాడాడు మహానుభావుడు.

ఫోన్ చేశాను. అసలు మంట ఇక్కడిది. "అన్నగారూ, పొరపాటున వేరే కాపీ వచ్చినట్టుంది" అని నేనే మర్యాదగా మొదలుపెట్టాను. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత,

"సినిమా కనబడుతోందా?"

"కనబడుతోంది కానీ..."

"మరి ఏంటి నీ బాధ?"

అప్పటిదాకా అన్నగారిని. నేను ఇంకా "అండీ" వదల్లేదు. డబ్బులు వెనక్కి ఇమ్మన్నాను. "మా కుక్కకి నెలకి ఇంతకంటే ఎక్కువ ఖర్చవుద్ది. ఈ చిల్లర కోసం ఫోన్ చేశావా? నీలాంటోళ్ళకి కలెక్షన్లు ఎందుకు?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఇంతలో వెనకనుంచి ఎవరిదో గొంతు: "అన్నా, ఆధార్ రెండు వైపులా కలర్ జిరాక్స్ ఎంత?" ఈయన ఫోన్ పక్కకి తీసి ఠక్కున "ఇరవై" అన్నాడు. మళ్ళీ నాతో, "మీటింగ్‌లో ఉన్నా, పెట్టెయ్" అని కట్ చేశాడు. తర్వాత బ్లాక్.

జిరాక్స్ షాపు నడుపుకోవడం చిన్నతనం కాదు, నిక్షేపంలాంటి పని. ఆ షాపులో తీసిన కవర్‌ని జూబ్లీహిల్స్ బంగళా కలెక్షన్ అని నాకు అంటగట్టడమే నా గొడవ. రోమ్ ఫ్లాట్‌లోకి అడుగుపెట్టగానే ఇది డికీ ఇల్లులా లేదే అని పసిగట్టే డికీ స్నేహితుడు ఫ్రెడ్డీ లాంటివాడు మనలో ఒక్కడూ లేకపోయాడు. (టామ్ చేతిలో ఫ్రెడ్డీకి ఏమైందో గుర్తొచ్చి ఎవరూ నోరు విప్పలేదేమో.)

సరే, కొనేవాళ్ళకి రెండు ముక్కలు. డబ్బు పంపేముందు డిస్కు అడుగుభాగం వీడియో అడగండి, ఫొటో కాదు. వంగపండు రంగుంటే వదిలేయండి. మధ్య రింగు మీద సన్నగా చెక్కిన కోడ్ నంబర్లు ఉన్నాయో లేదో చూడండి. బ్లూరే అయితే రీజియన్, అంటే ఏ ప్రాంతపు ప్లేయర్లో ఆడుతుందో అడగండి, అమెరికాది ఏ, మనది సీ. మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, నేను చేశాను.

ఆయనకి అడ్వాన్స్ ఇచ్చి ఇంకా పార్సిల్ కోసం చూస్తున్నవాళ్ళుంటే కింద స్క్రీన్‌షాట్లు పెట్టండి, అందరివీ కలిపి ఒకేసారి ఫిర్యాదులో జత చేస్తాను.