28 లీటర్ల ఓటీజీ, పద్నాలుగు నెలలు వాడాక

ఈ ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్లర్ మూడూ కలిసిన కరెంటు ఓవెన్) మా ఇంటికొచ్చి పద్నాలుగు నెలలైంది, ఏడాది వారంటీ కూడా అయిపోయింది. రెండు సంక్రాంతులు, మూడు పుట్టినరోజులు, బోలెడన్ని ఆదివారాలు దీంతో వండాక ఇప్పుడు రాస్తున్నాను. పెట్టె విప్పిన మర్నాడే ఐదు చుక్కలు ఇచ్చేసిన రివ్యూలు చదివే నేనూ కొన్నాను, కానీ కొనేవాళ్లకి నిజంగా కావలసిన సంగతి వాటిలో ఒక్కదానిలోనూ లేదు. కొనొచ్చా అంటే కొనొచ్చు. అయితే ఒక డిజిటల్ కాటా, ఓవెన్ లోపల పెట్టే చిన్న థర్మామీటర్ కూడా కలిపి కొనండి. ఆ రెండూ లేకుండా నెట్‌లో చూసినవి దీంట్లో చేయబోతే, మీ చేతిలో ఎంత పనితనం ఉన్నా సగం చెడిపోతాయి. నాకు నాలుగు నెలలు అలాగే చెడిపోయాయి.

అంతకుముందు మా ఇంట్లో కేకంటే కుక్కరే. గాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున ఇసుక పోసి, దాని మీద స్టాండు పెట్టి చేసేదాన్ని. 2020 లాక్‌డౌన్‌లో అందరిలాగే నేనూ అలాగే మొదలుపెట్టాను. కుక్కర్లో వేడి కింది నుంచే వస్తుంది కాబట్టి కేకు ఉడుకుతుంది కానీ పైన రంగు రాదు, పైభాగం తెల్లగా, చెమ్మగా ఉండిపోతుంది. బిస్కెట్లు, బ్రెడ్డు ఐతే అసలు కుదరవు. అందుకే డబ్బులు కూడబెట్టుకుని ఓటీజీ తీసుకున్నాను. మైక్రోవేవ్ కూడా కలిసినది ఎందుకు తీసుకోలేదని చాలామంది అడిగారు, నాకు బేకింగే ముఖ్యం, దానికి పైనా కిందా రాడ్లున్న ఓటీజీయే నయమనిపించింది. ఆ విషయంలో ఇప్పటికీ అదే మాట.

మొదట చేసింది ఉస్మానియా బిస్కెట్లు. మా మామయ్యగారు హైదరాబాద్‌లో ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసి రిటైరయ్యాక విజయవాడ వచ్చారు, ఆయనకి సాయంత్రం టీలోకి అవే కావాలి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీదే వాటికి ఆ పేరొచ్చిందని మా పిల్లలకి ఎన్నిసార్లు చెప్పారో. వీడియోలో చెప్పినట్టు 180 డిగ్రీలు పెట్టి, పదిహేను నిమిషాలు టైమర్ తిప్పి, పదో నిమిషానికి మాడు వాసన వస్తే పరుగెత్తాను. పైన పసుపు రంగులో చూడముచ్చటగా ఉన్నాయి, తిరగేస్తే అడుగు నల్లగా బొగ్గే. ఒకటి విరిచి చూశాను, మధ్యలో ఇంకా పచ్చిపిండి వేలికి అంటుకుంటోంది. అడుగు మాడింది, నడుమ ఉడకలేదు. రెండోసారి 170, మూడోసారి 160 పెట్టి చూశాను. ఒకసారి మాడితే ఇంకోసారి పేలిపోయినట్టు పగుళ్లు. వెన్న ధర తెలుసు కదా, ఆ మూడు ట్రేలు పారేస్తుంటే ప్రాణం ఉసూరుమంది.

అప్పుడు థర్మామీటర్ కొన్నాను. గుండ్రంగా, గడియారంలా ఉంటుంది, వైర్ ర్యాక్ మధ్యలో నిలబెట్టొచ్చు. అంతా ఖాళీగా ఉంచి నాబ్ 180 దగ్గర పెట్టి, ఇరవై నిమిషాలాగి అద్దంలోంచి చూస్తే ముల్లు 205 దగ్గర ఉంది. నాకే తప్పు కనిపిస్తోందేమో అనుకుని ఇంకో పదేసి నిమిషాలకి మళ్లీ చూశాను, 200, 207. నాబ్ 150కి తిప్పితే 172. అంటే ఇది చెప్పేదానికంటే ఇరవై, పాతిక డిగ్రీలు ఎక్కువ కాలుతోంది. పైగా వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ టక్కుమని ఆగడం, కాసేపటికి మళ్లీ రాడ్లు ఎర్రబడటం వల్ల వేడి ఎప్పుడూ ఒకేచోట నిలవదు, పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది. మనం తలుపు తీసిన ప్రతిసారీ సర్రున పడిపోతుంది. ఇళ్లలో వాడే ఓవెన్లలో పది ఇరవై డిగ్రీల తేడా మామూలే, ఈ ఒక్కదాని జబ్బు కాదు. కానీ ఆ సంగతి మాన్యువల్‌లో ఒక్క ముక్క రాసినా నేను మూడు ట్రేలు పారేసేదాన్ని కాదు. ఇప్పుడు 180 కావాలంటే నాబ్ 155, 160 మధ్యన పెడతాను, ట్రేని కింది గాడిలో కాకుండా మధ్య గాడిలో తోస్తాను. నాబ్ పక్కన ప్లాస్టర్ ముక్క అంటించి నా గీతలు నేను గీసుకున్నాను. అక్కడి నుంచి ఒక్క ట్రే కూడా అడుగు మాడలేదు.

సర్వీసు సంగతి కూడా చెప్పాలి. వారంటీలో ఉండగానే ఫోన్ చేస్తే తొమ్మిదో రోజుకి మనిషి వచ్చాడు, ఆన్ చేసి రాడ్లు ఎర్రబడటం చూసి "బాగానే పనిచేస్తోంది కదా మేడమ్" అని సంతకం పెట్టించుకుని వెళ్లాడు. థర్మామీటర్ చూపిస్తే చూడనైనా చూడలేదు. వేడి పుట్టిందా లేదా అన్నది కాదు నా ప్రశ్న, ఎంత పుట్టింది అని. ఆ ఒక్క విషయానికి ఒక చుక్క తీసేస్తున్నాను.

ఇక కాటా. నెట్‌లో వంటలు చెప్పేవాళ్లందరూ "ఒక కప్పు" అంటారు, ఎవరి కప్పు? అమెరికా వాళ్ల కప్పు సుమారు 240 మిల్లీలీటర్లు, ఇంకొన్ని దేశాల కొలతల్లో అదే కప్పు 250. మన వాళ్లలో కొందరు ఇంట్లో టీ తాగే కప్పునే చూపిస్తారు. టేబుల్ స్పూన్ మామూలుగా 15 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియా వాళ్లది 20. సరే, కప్పు ఒకటే అనుకుందాం, అందులో మైదా ఎలా నింపాం? నేను ఒకే కప్పుతో చూశాను. చెంచాతో జల్లినట్టు పోసి పైన కత్తితో చదును చేస్తే 122 గ్రాములు వచ్చింది, అదే కప్పుని డబ్బాలో ముంచి తీస్తే 148. మూడు కప్పుల మైదా పట్టే బ్రెడ్డుకి అక్కడే డెబ్బై గ్రాముల పైన తేడా. అంత పిండి ఎక్కువ పడితే బ్రెడ్డు ఇటుకరాయిలా కాక ఇంకేమవుతుంది? "నా కేకు ఎందుకు గట్టిగా వచ్చింది" అని అడిగేవాళ్లని చూస్తే నాకు ముందు ఇదే గుర్తొస్తుంది. పాపం వాళ్లు చెప్పింది చెప్పినట్టే చేసి ఉంటారు. ఇప్పుడు గ్రాముల్లో చెప్పని వంటని నేను ముట్టుకోను, ఎంత బాగా వీడియో తీసినా సరే.

కాటా ఉన్నా దొరకని తేడాలు ఇంకొన్ని ఉన్నాయి, అవి మన ఊరివి. మన పంచదార పలుకులు పెద్దవి. విదేశీ రెసిపీల్లో "షుగర్" అంటే చాలాసార్లు సన్నటి పలుకు, అది వెన్నతో చిలికితే త్వరగా కలిసిపోతుంది. మన పంచదార అలాగే వేస్తే బిస్కెట్‌లో కరకరలాడుతూ తగులుతుంది. మిక్సీలో ఒక్క తిప్పు తిప్పండి చాలు. వెన్న ఉప్పు లేనిది అంటారు, మన వీధి కొట్లో దొరికేది ఎక్కువగా ఉప్పుదే, అది వాడినప్పుడు పిండిలో ఉప్పు తగ్గించాలి. అన్నిటికంటే పెద్దది ఎండ. "వెన్న గది వేడిలో మెత్తబడనివ్వండి" అంటారు కదా, మే నెలలో విజయవాడ వంటింట్లో పావుగంటకి వెన్న మెత్తబడటం కాదు, నూనె అయిపోతుంది. ఆ పిండితో బిస్కెట్లు చేస్తే ట్రే అంతా పరుచుకుని ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఒత్తిన బిస్కెట్లని ట్రేతో సహా అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, ఓవెన్ పూర్తిగా కాగాక నేరుగా లోపలికి తోస్తే అచ్చు చెదరదు.

బ్రెడ్డు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే దీంట్లో నాకు బాగా తృప్తినిచ్చింది అదే. మొదటి రెండూ పొంగలేదు. డ్రై ఈస్ట్‌ని "వేడి పాలలో" వేయమంటే పొయ్యి మీంచి దించిన పాలలోనే వేసేశాను. అరవై డిగ్రీల వేడి తగిలితే ఈస్ట్ చచ్చిపోతుందని తర్వాత తెలిసింది. చంటిపిల్లల పాల వేడి ఉంటుంది కదా, మణికట్టు మీద చుక్క వేస్తే గోరువెచ్చగా తగిలేంత, అదీ కావలసింది. పది నిమిషాల్లో పైన నురగ కట్టకపోతే ఆ ఈస్ట్ పారేయాలి, మైదా పారేయక్కర్లేదు. రెండో పాఠం టైము. "గంటన్నర పొంగనివ్వండి" అన్నది చలిదేశం వాళ్ల లెక్క, మా ఇంట్లో ఏప్రిల్లో నలభై నిమిషాలకే పిండి రెట్టింపు అవుతుంది, గడియారం నమ్ముకుని వదిలేస్తే పులిసి, ఓవెన్‌లోకి వెళ్లాక కుంగిపోతుంది. వేలితో నొక్కితే ఆ గుంట నెమ్మదిగా సగం వరకూ పూడాలి, అప్పుడే లోపల పెట్టాలి. ఇంక గోధుమపిండి బ్రెడ్డు. వంద గ్రాముల మైదాకి 62, 65 మిల్లీలీటర్ల నీళ్లు సరిపోతే మన మరపట్టిన గోధుమపిండికి 75 వరకూ పడతాయి. మైదా కొలతతో గోధుమపిండి కలిపితే పిండి పిడచకట్టుకుపోతుంది, పిసికే చేతులు నొప్పెట్టడం తప్ప పొంగదు. సగం సగం కలుపుకుంటే రుచీ ఉంటుంది, మెత్తగానూ వస్తుంది. కాలిందో లేదో తెలియాలంటే అచ్చులోంచి తీసి అడుగున వేలితో కొట్టి చూస్తాను, డొల్లగా టకటకమంటే అయిపోయినట్టే. మొదటిసారి ఆ చప్పుడు విన్న రోజు రాత్రి పదకొండింటికి ఇంట్లో అందరినీ లేపాను. వెన్న రాసుకుని నిలబడే తినేశారు.

కేకుల్లో ఓవెన్ తప్పు తక్కువ, రెసిపీల తప్పే ఎక్కువ. వంటసోడా పని చేయాలంటే పెరుగో, నిమ్మరసమో, వెనిగరో ఏదో ఒక పులుపు తగలాలి, బేకింగ్ పౌడర్‌లో ఆ పులుపు ముందే కలిపి ఉంటుంది. బేకింగ్ పౌడర్ లేదని వంటసోడా అంతే కొలతలో వేస్తే సబ్బు రుచి వస్తుంది. పాత బేకింగ్ పౌడర్ అయితే చెంచాడు వేడినీళ్లలో వేసి చూడండి, బుసబుసా పొంగకపోతే పారేయండి. గిన్నె కొలత కూడా చూసుకోవాలి. రెండంగుళాలే కదా అనిపిస్తుంది కానీ ఎత్తు ఒకటే అయితే 6 అంగుళాల గిన్నె కంటే 8 అంగుళాల దాంట్లో ఇంచుమించు 1.8 రెట్లు పిండి పడుతుంది. మా చెల్లెలు 8 అంగుళాల కొలత పిండిని 6 అంగుళాల దాంట్లో పోసింది, అది పొంగి రాడ్ల మీద కారి, "అక్కా, పొగ వస్తోందే" అని ఫోన్ చేసింది.

యంత్రం సంగతికొస్తే, గట్టిది. తలుపు స్ప్రింగు ఇప్పటికీ బిగువుగానే ఉంది, లోపలి లైటు మంచి వెలుతురుగా ఉంటుంది, పట్టకారు పట్టు బాగుంది. 10 అంగుళాల పిజ్జా, 8 అంగుళాల కేకు గిన్నె హాయిగా పడతాయి. చువ్వకి గుచ్చి కిలో కోడిని ఒకసారి కాల్చాం, బాగానే తిరిగింది కానీ కొవ్వు కారి కడగడానికి గంట పట్టింది, మళ్లీ ఆ జోలికి పోలేదు. 1600 వాట్లు, కాబట్టి మామూలు ప్లగ్గు పనికిరాదు, గీజర్‌కి పెట్టే 16 ఆంపియర్ల సాకెట్టే కావాలి, కొనేముందు వంటింట్లో అది ఉందో లేదో చూసుకోండి. మేం ఎలక్ట్రీషియన్‌ని పిలిచి వేయించుకోవాల్సి వచ్చింది. కరెంటు ఖర్చు భయపడినంత లేదు, ముప్పావుగంట కేకుకి యూనిట్ చుట్టుపక్కల. మధ్యలో కరెంటు పోతే మాత్రం తలుపు తీయకండి, లోపలి వేడి పది నిమిషాలు కాస్తుంది, తీస్తే కేకు కుంగుతుంది.

ఉస్మానియా బిస్కెట్లు ఇప్పుడు పదిహేను రోజులకోసారి చేస్తున్నాను. థర్మామీటర్ కొన్నాక రెండో నెలలో ఒక ట్రే మామయ్యగారికి పెడితే టీలో ముంచి, రెండు క్షణాలు ఆగి తీసి, విరగకుండా నోట్లో పెట్టుకుని "బాగుందమ్మా, కానీ ఉప్పు ఇంకాస్త తెలియాలి" అన్నారు. ఆ మాటతో కొలత సరిపోయింది. అడిగేవాళ్లుంటారని రాస్తున్నాను. మైదా 150 గ్రాములు, వెనీలా కస్టర్డ్ పొడి 20, పాలపొడి 15, ఉప్పు వెన్న 100, మిక్సీ పట్టిన పంచదార 65, బేకింగ్ పౌడర్ అర టీస్పూన్, ఉప్పు వెన్న వాడినా ఇంకో రెండు చిటికెల ఉప్పు. కుంకుమపువ్వు నానబెట్టిన పాలు ఒక చెంచా పిండిలోకి, ఒక చెంచా పైన రాయడానికి. వెన్న, పంచదార తెల్లబడేదాకా చిలికి, పొడులన్నీ జల్లించి పోసి, చపాతీలా పిసక్కుండా ఊరికే దగ్గరికి తీయండి. వేలు మందంలో సగం ఉండేలా ఒత్తి, గుండ్రంగా కోసి, ఫ్రిజ్‌లో అరగంట. నిజమైన 180 డిగ్రీల్లో, అంటే థర్మామీటర్ చెప్పే 180లో, పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. అంచులు బంగారు రంగు తిరగ్గానే తీసేయండి. అప్పుడు ముట్టుకుంటే మెత్తగా ఉంటాయి, ఇంకా కాలలేదేమోనని మళ్లీ లోపల పెట్టకండి, ట్రే మీదే పది నిమిషాలు వదిలేస్తే గట్టిపడతాయి.