మలేరియాతో పాటు టైఫాయిడ్ కూడానా? వైడాల్, బ్లడ్ కల్చర్‌లలో ఏది నమ్మాలి
'మలేరియా పాజిటివ్, వైడాల్ పాజిటివ్' అని రెండూ ఒకే రిపోర్టులో చూస్తే ఇంట్లోవాళ్లకు టెన్షనే. టైఫాయిడ్ కోసం చేసే రక్తపరీక్ష వైడాల్ చవక, ఫలితం త్వరగా వస్తుంది. కానీ అది వెతికేది క్రిమిని కాదు, దానిపై పోరాడేందుకు ఒళ్లు తయారుచేసే యాంటీబాడీలను. ఎప్పుడో వచ్చిన టైఫాయిడ్, ఒక్కోసారి మలేరియా కూడా దాన్ని పాజిటివ్‌గా చూపిస్తాయి. 1896 నాటి పరీక్ష మరి!

కల్చర్‌లో క్రిమినే పెంచి చూస్తారు. యాంటీబయాటిక్ మొదటి డోసుకు ముందే, పెద్దవాళ్లకైతే ఒక్కో సీసాలోకి 8-10 మిల్లీలీటర్ల రక్తం తీయాలి. ఫలితానికి రెండు మూడు రోజులు, ఒక్కోసారి ఐదు. క్రిమి పెరిగితే ఏ మందుకు లొంగుతుందో కూడా తెలుస్తుంది. నెగెటివ్ వచ్చినా టైఫాయిడ్ లేదని కొట్టిపారేయలేం.

అయినా నా ఓటు కల్చర్‌కే. స్మియర్‌లో (రక్తపు చుక్కను మైక్రోస్కోప్ కింద చూసే పరీక్షలో) మలేరియా పరాన్నజీవులు తగ్గినా జ్వరం దిగకపోతే టైఫాయిడ్‌ను అనుమానించాలి. బీపీ పడిపోతుంటే కల్చర్‌కు రక్తం తీసిన వెంటనే యాంటీబయాటిక్ మొదలుపెట్టాల్సిందే, రిపోర్టు వచ్చేదాకా ఆగకూడదు.