గవర్నర్‌పేటలో కొన్న వూఫర్‌కి తిమింగలం పెట్టిన పరీక్ష

ముందే చెప్పేస్తున్నా, పాటల కోసమే అయితే ఈ స్పీకర్ సెట్ పర్లేదు. రెండు చిన్న స్పీకర్లు, లోతైన మోతల కోసం ఒక వూఫర్, బేరమాడాక 9,800. నా గొడవంతా డబ్బా మీద రాసిన ఒక్క లైనుతో. "20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్" అని పెద్దక్షరాలతో అచ్చేశారు. హెర్ట్జ్ అంటే సెకనుకి ఎన్ని కంపనాలో ఆ లెక్క, అంకె తగ్గేకొద్దీ మోత లోతు. కంపెనీ పేరూ షాపు పేరూ రాయను, ఎందుకంటే ఆ వీధిలో సగం డబ్బాల మీద ఇదే లైను ఉంది.

కొన్నది సంక్రాంతికి ముందు. ఆ రోజుల్లో గవర్నర్‌పేట ఎలా ఉంటుందో బెజవాడ వాళ్లకి చెప్పక్కర్లేదు, ప్రతి షాపువాడూ గుమ్మంలో రెండు పెద్ద స్పీకర్లు నిలబెట్టి పక్కవాడి పాట వినపడకుండా తన పాట పెంచుతాడు, పక్కవాడు ఊరుకుంటాడా, వాడూ పెంచుతాడు. నేను "వారంటీ ఎంత తమ్ముడూ" అని మూడుసార్లు అరిచాను. ఆ కుర్రాడు మూడుసార్లూ "బ్లూటూత్ ఉందన్నా" అన్నాడు.

ఇంటికి తెచ్చాక ఇళయరాజా పాటలు పెట్టి చూశాను, బాగున్నాయి. తర్వాత తిమింగలాలు పెట్టాను. నవ్వకండి. నిరుడు మేనకోడలి స్కూల్ ప్రాజెక్టు కోసం వెతికినప్పుడు పట్టుకున్న పిచ్చి ఇది, ప్రాజెక్టు అయిపోయింది గానీ నాకు మాత్రం వదల్లేదు.

మొదట హంప్‌బ్యాక్ తిమింగలం. దీనికి మాత్రం ఫుల్ మార్కులు. పాత తలుపు కిర్రుమన్నట్టు మొదలై, ఆంబోతు రంకెలా దిగి, చివర్లో బెలూన్‌ని వేళ్లతో రుద్దినట్టు సన్నగా పైకి లేస్తుంది, ఆ సన్నది కూడా ఎక్కడా చీలకుండా వచ్చింది. పాడేది మగవే. పది, ఇరవై నిమిషాల పాటని మళ్లీ మళ్లీ గంటల తరబడి పాడతాయి. ఇది ఊరికే అరుపు కాదు, వరసతో ఉన్న పాట అని పరిశోధకులు రోజర్ పేన్, స్కాట్ మెక్‌వే 1971లో రాసేదాకా లోకానికి పెద్దగా తెలియదు. ఒక ప్రాంతంలోని మగవన్నీ ఒకే పాట పాడతాయి, అది మెల్లగా మారుతూ ఉంటుంది. ఆస్ట్రేలియా తూర్పు తీరంలో పుట్టిన పాట ఏడాదో రెండేళ్లో గడిచేసరికి పసిఫిక్ దీవుల మీదుగా ఫ్రెంచ్ పాలినీషియా దాకా పాకుతుంది. మన దగ్గర కొత్త పాట ఆటోల ద్వారా పాకినట్టు అనుకోండి. తర్వాత స్పెర్మ్ వేల్. అది పాడదు, టక్ టక్-టక్ అని క్లిక్కులు కొడుతుంది. ఏ తెగకి ఆ తెగకి సొంత దరువు ఉంటుంది, గుంటూరు యాస, శ్రీకాకుళం యాస ఉన్నట్టు. చిన్న స్పీకర్లలో ఆ క్లిక్కులు గోలీలు తగిలినంత శుభ్రంగా వినిపించాయి.

ఇక అసలు పరీక్ష ఫిన్ వేల్. నీలి తిమింగలం తర్వాత అంత పెద్ద జంతువు అదే. దాని పిలుపు సుమారు 20 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, అంటే మన చెవి వినగలిగే అడుగు అంచు. ఒక్క సెకను మోత, కొన్ని సెకన్లు ఆగడం, మళ్లీ మోత. నెట్‌లో దొరికే రికార్డింగులు ఎక్కువగా మన చెవికి అందేలా వేగం పది రెట్లు పెంచినవి. నేను ఫోన్‌లో వేగం మళ్లీ పది రెట్లు తగ్గించి పెట్టాను.

ఏమీ రాలేదు. వాల్యూమ్ పూర్తిగా తిప్పినా మోత లేదు, వూఫర్ పక్కనున్న గుండ్రటి బెజ్జంలోంచి ఫుస్, ఫుస్ అని గాలి. అనుమానమొచ్చి దేవుడి గదిలోంచి అగరబత్తి తెచ్చి ఆ బెజ్జం ముందు పట్టుకున్నాను, పొగ మోతమోతకీ ఒక ఉదుటున ముందుకొచ్చి వెనక్కి పోతోంది. కొలిమి తిత్తి అన్నమాట, తొమ్మిది వేల ఎనిమిది వందలకి. వూఫర్‌ని వెల్లకిలా పడుకోబెట్టి మీద పేపరు పరిచి మరమరాలు పోశాను. కోరిన హెర్ట్జ్‌లో మోత పుట్టించే టోన్ యాప్‌లో 50 దగ్గర చక్కగా గెంతాయి, 40 దగ్గర బద్ధకంగా కదిలాయి, 30 నుంచి కిందకి ధ్యానంలో కూర్చున్నాయి. ఈలోపు కింద వాటాలోని ఆంటీగారు మెట్ల దగ్గరికొచ్చి "బాబూ, మోటార్ ఆపడం మర్చిపోయారా?" అన్నారు. అది 40 హెర్ట్జ్ ప్రతాపం.

కంపెనీని తిట్టాలని కూర్చున్నవాణ్ణి ఆ రాత్రి వేరే దారిలో పడ్డాను. నా వూఫర్‌కి చేతకాని ఆ అడుగు స్వరంలోనే పెద్ద ఓడల రొద కూడా ఉంటుందట. ప్రొపెల్లర్ తిరిగేటప్పుడు నీళ్లలో బుడగలు పుట్టి పగులుతాయి, ఎక్కువ మోత వాటిదే. నీళ్లలో శబ్దం సెకనుకి 1,500 మీటర్లు పోతుంది, ఫిన్ వేల్ పిలుపు ప్రశాంతమైన సముద్రంలో వందల కిలోమీటర్లు వినపడుతుంది, ఇప్పుడు ఆ దారంతా ఓడలే. అమెరికాలో 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత కొన్నాళ్లు ఓడలు తగ్గి, కెనడా దగ్గర ఫండీ అఖాతంలో రొద 6 డెసిబెల్స్ పడిపోయింది. అదే సమయంలో అక్కడ రైట్ వేల్స్ అనే తిమింగలాల మలం సేకరించి పరీక్షిస్తున్న వాళ్లకి వాటి ఒంట్లో టెన్షన్ హార్మోన్లు తగ్గినట్టు కనిపించింది. అవే రైట్ వేల్స్ రొద పెరిగితే గొంతు పెంచుతాయి, గవర్నర్‌పేటలో నాలాగే.

రొదతోనే అయిపోలేదు. చేపల వలల తాళ్లు చుట్టుకోవడం, ఓడలు గుద్దడం ఉన్నాయి. మన బంగాళాఖాతం దిగువన, శ్రీలంక దక్షిణపు కొసన నీలి తిమింగలాలు మేసే చోటనే ప్రపంచంలోకెల్లా రద్దీగా ఉండే ఓడదారుల్లో ఒకటి ఉంది. 2022లో ఎంఎస్‌సీ అనే పెద్ద షిప్పింగ్ కంపెనీ తన ఓడలని 15 నాటికల్ మైళ్లు దక్షిణానికి జరిపింది. జరిపితే జరిగేదేగా, మిగతావాళ్లకి ఏమొచ్చిందో.

సరే, షాపు సంగతి. నాలుగో రోజు బిల్లు పట్టుకుని వెళ్లి ఫిన్ వేల్ వినిపించాను. కుర్రాడు చెవి ఆనించి "ఫైల్ కరప్ట్ అయిందన్నా" అన్నాడు. ఓనర్‌గారు మాత్రం నిజం ఒప్పుకున్నారు: "20 అని అందరూ వేస్తారు సార్, వేయకపోతే డబ్బా కదలదు." మార్చడం కుదరదన్నారు, ఒక కేబుల్ ఊరికే ఇచ్చారు. పోయేముందు హంప్‌బ్యాక్ పెట్టాను, ఆయన కాలిక్యులేటర్ పక్కన పెట్టి రెండు నిమిషాలు విని "ఇదేం జంతువండీ" అన్నారు.

పాటలకి ఐదులో మూడున్నర, డబ్బా మీద రాతకి సున్నా, ఓనర్‌గారి నిజాయితీకి ఒక అర. మీరు కొనేటట్టయితే ఫోన్‌లో టోన్ యాప్ వేసుకెళ్లి 60, 50, 40 వరసగా పెట్టించి చేత్తో వూఫర్ పట్టుకు చూడండి. పొద్దున్నే షట్టర్లు లేపుతుండగానే వెళ్లండి, పక్క షాపులు మొదలెట్టాయంటే అక్కడ ఏదీ ఏమీ వినపడదు. నేను వెళ్లింది సాయంత్రం ఆరున్నరకి.