వేణువు చేసేవాళ్లకు ఏ ఆకురాయి? చాలాకాలం వాడాక నా మాట

హనుమకొండలో ఇంటి దగ్గరే వేణువులు చేస్తూ సన్న ఆకురాళ్లు, అంటే నీడిల్ ఫైల్స్, ఏళ్ల తరబడి వాడుతున్నాను. పౌచ్‌లో పది, పన్నెండు కలిపి అమ్మే నీడిల్ ఫైల్స్ సెట్టు ఈ పనికి దండగ. చదరంది, మూడు మూలలది, కత్తిలాంటిది వేణువుకు అక్కరకు రావు. గుండ్రంది, అరగుండ్రంది మాత్రమే అరిగిపోతాయి, మిగతావి కొత్తవిగానే పడి ఉంటాయి.

వెదురు మెత్తని కర్రే కదా అనుకోవద్దు. దాని పైతోలులో సిలికా ఉంటుంది, నాసిరకం ఫైలు పళ్లు తొందరగా మొద్దుబారతాయి. మన ఏటూరునాగారం వైపు వెదురైతే గోడ మందం, ఫైలుకు పని ఇంకా ఎక్కువ. అస్సాం నుంచి వచ్చే పలుచటి బొంగు నయం.

కంసాలి పనిముట్ల షాపులో విడిగా కొనండి. కట్ నంబరు, అంటే పళ్లు ఎంత గరుకో ఎంత నునుపో చెప్పే నంబరు చూడండి. స్విస్ లెక్కలో 0 గరుకు, 2 మధ్యరకం, 4 నునుపు. కాల్చిన చువ్వతో పెట్టిన రంధ్రంలో బొగ్గు తీయడానికి 0, శృతి కలపడానికి 2. నాలుగో నంబరు నేను పెద్దగా ముట్టను, వెదురు పొడికి ఇట్టే పూడిపోతుంది.

గుండ్రటి నీడిల్ ఫైలు ఎలుక తోకలా కొనకు సన్నబడుతుంది, దాంతో రంధ్రం గోడ నిలువుగా రాదు. చైన్ సా (చెట్లు కోసే మోటారు రంపం) పళ్లకు పదును పెట్టే ఫైలు చూడండి. 4, 4.8, 5.5 మిల్లీమీటర్ల సైజుల్లో వస్తుంది, పళ్లున్నంత మేరా ఒకే లావు. నా దగ్గరున్న వాటిలో ఎక్కువ పని చేసేది ఇదే.

అసలు టెన్షన్ శృతి దగ్గర. రంధ్రం పెద్దదైతే స్వరం పైకే పోతుంది, మళ్లీ దించాలంటే మైనం అంటించాల్సిందే. అందుకే రంధ్రం చిన్నగా మొదలుపెట్టి, రెండు మూడు తోపులకోసారి ఊది చూస్తాను. ఊదే రంధ్రం వైపు గోడను అరగదీస్తే స్వరం త్వరగా ఎక్కుతుంది, అవతలి వైపు నెమ్మదిగా. ఇంకో సంగతి, మే ఎండల్లో శృతి కలిపిన వేణువు డిసెంబరు పొద్దున కాస్త తగ్గి పలుకుతుంది. ఆ తేడాకు ఫైలు అందుకోకండి.

ఫైలు తోసేటప్పుడే కోస్తుంది. బయటి నుంచి లోపలికి తోసి, వెనక్కి తీసేటప్పుడు గోడకు తగలకుండా తీయాలి. లోపలి నుంచి బయటికి రుద్దితే పైతోలు పెచ్చులు లేస్తుంది. పక్కకు వంచితే సన్నవి పుటుక్కున విరుగుతాయి.

పళ్లకు చాక్‌పీసు రుద్దితే పొడి అంటుకోదు, అంటుకున్నది ఇత్తడి బ్రష్‌తో పోతుంది. నూనె మాత్రం వద్దు, బొంగుకు మరక పడుతుంది. ఒకే డబ్బాలో పడేస్తే ఒకదాన్నొకటి రాసుకుని పాడవుతాయి, విడివిడిగా గుడ్డలో చుట్టండి. వానాకాలంలో ఆ గుడ్డ తడి లేకుండా చూసుకోవాలి.

డైమండ్ పూతవి వెదురు మీద మరీ నెమ్మది, నాకు నచ్చలేదు. ఊదే రంధ్రం అంచుకు అరగుండ్రం 2 నంబరే వాడతాను. ఆ అంచు మొద్దుబారితే నాదం కంటే గాలే ఎక్కువ వినిపిస్తుంది, కాబట్టి ఎమరీ పేపరును దాని దగ్గరికే రానివ్వను.