పద్మిని, అంబాసిడర్ ఉన్నోళ్ళు జాగ్రత్త: స్టీరింగ్ కిట్ పేరు మీద మీ పాత పార్టులు ఎవ్వలికీ ఇయ్యకుండ్రి

పాత పద్మిని (మనం ఫియట్ అనేది గూడ ఇదే), అంబాసిడర్ కార్లు నడిపే అన్నలకు తమ్ముళ్ళకు చెప్తున్న. స్టీరింగ్‌ల ప్లే (చక్రం కదలకుండ స్టీరింగ్ ఖాళీగ తిరుగుడు) వచ్చిందని షెడ్డుకు పోతే "ఫుల్ కిట్ ఏసుకోండ్రి, పాతయి మాకిచ్చేయండ్రి, రేటు తగ్గిస్తం" అని ఎవలన్న అంటే అస్సలు ఒప్పుకోకుండ్రి. పైసలు పోతే మళ్ళ సంపాదించుకుంటం, ముంబై కుర్లా ఫ్యాక్టరీల తయారైన పద్మిని అసలు పార్టు చెయ్యి దాటిపోతే మళ్ళ దొరకది. జర పొడుగే రాస్తున్న గానీ మొత్తం చదువుండ్రి, ఎందుకంటే స్టీరింగ్ అంటే సీటు కవర్ కాదు, రోడ్డు మీద ఊడిందంటే మనుషులే పోతరు.

మాది నల్లగొండ. మా నాయన కొన్న 1986 పద్మిని ఇంట్ల ఉన్నది, ఇప్పటికీ నడుస్తది. స్టీరింగ్ మధ్యల ఖాళీగ తిరుగుడు ఎక్కువైంది, దేవరకొండ రోడ్డుల గుంత వస్తే కింద నుంచి టక్ టక్ అని కొట్టుకుంటుండె. హైదరాబాద్‌ల ఒక షాపాయన కింగ్ పిన్ (ముందు చక్రం అటిటు మళ్ళే ఇరుసు) కిట్, ఐడ్లర్ ఆర్మ్ (స్టీరింగ్ రాడ్లను రెండో పక్క పట్టుకునే చెయ్యి), టై రాడ్ ఎండ్లు (చక్రాలను తిప్పే రాడ్ల కొసలకు ఉండే జాయింట్లు) అన్నీ కలిపి 18 వేలు, ఫిట్టింగ్ గూడ మా షెడ్డులనే, అన్నీ కంపెనీ స్టాక్, డబ్బాల నుంచి తీసి ఇస్త అన్నడు. నల్లటి పెయింట్‌తో తళతళ మెరుస్తున్నయి. పద్మిని బండ్లు బంద్ అయి 20 ఏండ్లు దాటింది, ఇన్నేండ్లకు గూడ ఒక్క షాపుల ఫుల్ సెట్టు కంపెనీ పీసులే ఉన్నయంటే అక్కడనే అనుమానపడాలె, మీరన్న పడుండ్రి.

ఫిట్టింగ్ అయినంక మొదట్ల బాగనే ఉన్నట్టు అనిపించింది, ప్లే పోయింది గానీ స్టీరింగ్ గట్టిగ అయింది, మలుపు తిరిగినంక చక్రం తనంతట తాను నేరుగ రాదు, చేతులతోని గుంజి తేవాలె. కొత్తది కదా సెట్ అయితది అన్నరు. నెల గూడ కాలే, చిట్యాల దాటి హైవే మీద 60 మీద పోతుంటే ముందు చక్రాలు రెండూ వణుకుడు మొదలుపెట్టినయి, స్టీరింగ్ చేతుల నిలుస్తలేదు, వెనుక లారీలు. ఇంట్లోళ్ళు బండిలనే ఉన్నరు. మెల్లగ ఎడమకు దించి ఆపిన. అది తల్చుకుంటే ఇప్పటికీ కోపం ఆగదు.

నల్లగొండల ఫియట్ బండ్లు చేసే పెద్ద మనిషి ఒకాయన ఉన్నడు, ఆయన దగ్గర విప్పిపిచ్చిన. కింగ్ పిన్ బుష్‌లు (పిన్ తిరిగే చిన్న గొట్టాలు) కొత్తవే, కాకపోతే సుత్తెతోని కొట్టి ఎక్కిచ్చిన్రు, రీమర్ (రంధ్రాన్ని సరిగ్గ సైజు చేసే పనిముట్టు) పెట్టనే లేదు. బుష్ లోపలికి దిగినంక దాని రంధ్రం జర ముడుచుకుంటది, అందుకే పైబుష్ కిందిబుష్ రెండూ ఒకే లైన్ల రీమ్ చేసి పిన్ చేతితోని తోస్తే దిగేటట్టు చెయ్యాలె. దానికి తోడు బుష్‌ల ఉన్న గ్రీజు రంధ్రం నిపుల్‌కు (గ్రీజు కొట్టే మూతికి) ఎదురుగ పెట్టలే, గ్రీజు గన్‌తోని ఎంత కొట్టినా గ్రీజు లోపలికి పోతలేదు. స్టీరింగ్ గట్టిగైంది దానివల్లనే. ఐడ్లర్ ఆర్మ్ అయితే ఎవరిదో పాతది, తుడిచి పెయింట్ ఏసిందే, లోపల బుష్ అరిగే ఉన్నది. మరి మొదట్ల ప్లే ఎట్ల పోయింది అంటే స్టీరింగ్ బాక్స్ మీద ఉండే అడ్జస్ట్ స్క్రూ బిగిచ్చి ప్లే దాచిపెట్టిన్రు. ఇది శాన షెడ్లల్ల చేస్తరు. మనం ఎక్కువ నేరుగనే పోతం కాబట్టి బాక్స్ లోపలి వార్మ్ (మర లాంటి గేరు) మధ్యలనే ఎక్కువ అరుగుతది, అక్కడి ప్లే పోయేదాక బిగిస్తే పక్కలకు తిప్పినప్పుడు పట్టేస్తది, బాక్సే ఖరాబ్ అయితది.

అన్నిటికన్న పెద్ద నష్టం టై రాడ్ ఎండ్‌తోని అయింది. దాని స్టడ్ (ఆర్మ్ రంధ్రంల కూసునే బోల్టు) టేపర్, అంటే సన్నబడుకుంట పోయే వాలు, మన బండిదానికి సరిపోదు. నట్టు బిగిస్తే బిగిసినట్టే ఉంటది, లోపల మాత్రం కొద్ది జాగలనే ఆనుతది, నడిచినకొద్ది కదిలి కదిలి కుడిపక్క స్టీరింగ్ ఆర్మ్ (చక్రాన్ని తిప్పే చెయ్యి) రంధ్రాన్నే కోడిగుడ్డు లెక్క చేసింది. ఆ ఆర్మ్ నా బండితోని వచ్చిన అసలు పార్టు, దానికి ఏ రోగం లేకుండె. లేత్ మీద వెల్డింగ్ పోసి సాఫ్ చేపిద్దం అని కొందరు సలహా ఇచ్చిన్రు, స్టీరింగ్ పార్టుకు వెల్డింగ్ అనే మాటే ఎత్తకుండ్రి, వేడికి ఇనుము గుణం మారి తర్వాత ఎప్పుడో పుటుక్కున ఇరుగుతది.

పోనీ రేటు తగ్గుతదని ఇచ్చిన నా పాతవి నాకియ్యి, అవ్వే రిపేర్ చేపిచ్చుకుంట అని షాపాయనను అడిగితే అప్పటికే ఎవరికో పోయినయంట. నాకు ఏసిన ఐడ్లర్ ఆర్మ్ ఎక్కడిదో ఇప్పుడు సమజైంది కదా. మనది తీసుకొని, రంగేసి, ఇంకొకరికి కంపెనీ పీస్ అని అమ్ముతరు. పాత ఫోర్జింగ్ (ఇనుమును కాల్చి కొట్టి చేసిన) పార్టు బుష్ అరిగినా బాడీ గట్టిగుంటది, బుష్ మార్చుకుంటే ఇంకెన్నో ఏండ్లు వస్తది.

అసలు కిట్ కొనే ముందు ప్లే యాడ ఉన్నదో చూడుండ్రి. బండి నేల మీద ఉండగ ఒకరు స్టీరింగ్ జర జర అటిటు కదిలియ్యాలె, ఇంకొకరు కింద నుంచి డ్రాప్ ఆర్మ్ (స్టీరింగ్ బాక్స్ నుంచి వచ్చే చెయ్యి), లింక్ రాడ్, ఐడ్లర్, టై రాడ్‌లు ఒక్కొక్కటి చూడాలె, యాడ ఆలస్యంగ కదిలితే అక్కడ అరిగినట్టు. తర్వాత జాకీ లేపి కింద స్టాండ్ పెట్టి చక్రాన్ని పైన కింద పట్టుకొని ఊపుండ్రి. ఊగితే ఒకరిని బ్రేక్ తొక్కుమనుండ్రి, తొక్కినంక ఊగుడు పోతే వీల్ బేరింగ్, అట్లనే ఉంటే కింగ్ పిన్. బేరింగ్ బిగిస్తే అయిపోయే పనికి కింగ్ పిన్ కిట్ అంటగట్టినోళ్ళు గూడ ఉన్నరు.

టై రాడ్ ఎండ్ కొంటుంటే స్టడ్ మీద చాక్‌పీస్ రుద్ది, ఆర్మ్ రంధ్రంల పెట్టి జర తిప్పి తీయుండ్రి. చుట్టూ పొడుగునా చెరిగితే టేపర్ కలిసింది, ఒక్క గీత లెక్క చెరిగితే ఆ పీస్ వాపస్ ఇచ్చేయుండ్రి. బాడీ మీద అతుకు గీత వెడల్పుగ, గ్రైండింగ్ చేసినట్టు ఉంటే ఫోర్జింగ్, సన్నగ ఉంటే పోత (ఇనుము కరిగిచ్చి అచ్చుల పోసింది) అయి ఉండొచ్చు. బిగిచ్చినంక స్ప్లిట్ పిన్ (నట్టు ఊడకుండ ఆపే పిన్ను) ఏసిన్రా లేదా మీ కండ్లతోని చూడుండ్రి. అంబాసిడర్‌కు ర్యాక్ అండ్ పినియన్ (పండ్ల పట్టీ, చిన్న గేరుతోని నడిచే స్టీరింగ్) కాబట్టి బాక్సు, ఐడ్లర్ ముచ్చట లేదు, టై రాడ్ ఎండ్‌కు మాత్రం ఇదే పరీక్ష.

కొందరు వేరే కారు ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ తెచ్చి పెడతమంటున్నరు. కింద అరిగిన జాయింట్లు అట్లనే ఉంచి పైన మోటర్ పెడితే ప్లే మనకు తెల్వకుండ అయితది, నాకైతే అది ఇంక ప్రమాదం అనిపిస్తది. బండిని ఇష్టమొచ్చినట్టు మార్చొద్దని మోటార్ వాహనాల చట్టం 52 సెక్షన్ ఉన్నది, 2019 జనవరిల సుప్రీంకోర్టు గూడ కంపెనీ స్పెసిఫికేషన్ మార్చొద్దన్నది, ముందుగాల ఆర్టీఏ (రవాణా) ఆఫీసుల అడుగుండ్రి.

ఎస్టిమేట్ చిట్టీ తీసుకొని రాకుండ్రి, జీఎస్టీ బిల్లే అడుగుండ్రి, అండ్ల పార్టు పేరు, కొత్తదా రీకండిషన్దా రాపియ్యుండ్రి. మోసం అయితే ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ కొట్టుండ్రి. షాపు హైదరాబాద్‌ల ఉన్నా 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్లనే కేసు ఏయొచ్చు, రెండేండ్ల లోపల ఏయాలె, మనం కట్టిన పైసలు 5 లక్షల దాక అయితే కేసు ఫీజు లేదు. నేను ఫోన్‌పే రసీదు, విప్పినప్పుడు తీసిన ఫోటోలు పెట్టి నల్లగొండలనే ఏసిన, అందుకే షాపు పేరు ఇక్కడ రాస్తలేను.

బండి ఇప్పుడు ఇటుకల మీద ఉన్నది. మహబూబ్‌నగర్, జడ్చర్ల, మిర్యాలగూడ దిక్కు ఎవరి దగ్గరన్న స్క్రాప్‌కు పోయే పద్మిని ఉంటే కుడిపక్క స్టీరింగ్ ఆర్మ్ నాకు కావాలె, రంగు ఏయకుండ తుప్పుతోనే ఇయ్యుండ్రి, చాక్‌పీస్ తీసుకొని నేనే వస్త.