పాత పుస్తకాలకి ఈ బైండింగ్ షాపు
నెల్లూరు వీఆర్‌సీ సెంటర్ దగ్గర సందులో చిన్న షాపు. ఆక్స్‌ఫర్డ్ చరిత్ర మీద మా నాన్న దాచుకున్న పుస్తకం పేజీలు ఊడిపోతుంటే తీసుకెళ్లాను. అందులో నాకు ప్రాణమైనది ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీలో విద్యార్థులు ఉండి చదువుకున్న సెయింట్ మేరీ హాల్ అనే పాత సంస్థ కథ: పక్కనున్న ఓరియల్ కాలేజీకి ఆనుకునే వందల ఏళ్లు విడిగా నడిచి, 1902లో చివరి ప్రిన్సిపాల్ చనిపోయాక అందులోనే కలిసిపోయింది, హై స్ట్రీట్ వైపు భవనాలు పడగొట్టి ఓరియల్ పూర్వ విద్యార్థి సెసిల్ రోడ్స్ ఇచ్చిపోయిన డబ్బుతో 1911కల్లా కొత్తది కట్టేశారు. ఆ పేరు ఇప్పుడు ఓరియల్‌లో ఒక ఆవరణకి మాత్రం మిగిలింది, చదివినప్పుడల్లా బాధేస్తుంది. షాపాయన ఆ పేజీలన్నీ వరస తప్పకుండా దారంతో కుట్టి, గుడ్డ అట్ట వేసిచ్చారు. రెండు రోజులన్నది వారం పట్టింది, మధ్యలో ఫోన్ చేసి అడుగుతుండాలి. పని మాత్రం గట్టిగా ఉంది, ఇంకో మూడు పుస్తకాలు ఇచ్చొచ్చాను.