ఆఫీసు కుర్చీ సీటు: గుడ్డ మారిస్తే చాలా, స్పాంజీ కూడా మార్చాలా?

సీటు పాడైందంటే ముందు చూపు గుడ్డ మీదికే పోతుంది, కంటికి కనిపించే చిరుగు అదే కాబట్టి. నడుము పట్టేసేది మాత్రం లోపలి స్పాంజి వల్ల. అందుకే ఏ పద్ధతి మేలో తేల్చుకునే ముందు సీటు మధ్యలో, కూర్చుంటే ఎముకలు ఆనే చోట, పిడికిలి బిగించి బరువంతా వేసి నొక్కి చూడండి. కింద చెక్క గట్టిగా తగిలితే స్పాంజి పని అయిపోయినట్టే. చెయ్యి తీశాక గుంట వెంటనే పూడకుండా అలాగే ఉండిపోయినా అంతే. కుర్చీ కింద పసుపు పొడి రాలుతుంటే ఇక నొక్కి చూడాల్సిన పని కూడా లేదు.

ఇంట్లో చేసుకోడానికి మూడు దారులున్నాయి: సాగే తొడుగు వేయడం, పాత గుడ్డ మీదే కొత్త గుడ్డ బిగించడం, అంతా ఊడదీసి స్పాంజితో సహా మార్చడం.

తొడుగు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. రెగ్జిన్ పొట్టు బట్టలకు అంటకుండా కొన్నాళ్లు ఆపుతుంది. లేచి కూర్చున్న ప్రతిసారీ కొంచెం కొంచెం జరిగి తొడల కింద మడత పడుతుంది. అసలు పనికి తీరిక దొరికేదాకా నెట్టుకురావడానికైతే సరే.

పాత గుడ్డ మీదా, ఊడదీసా?

పిడికిలి పరీక్షలో స్పాంజి నెగ్గితే దాన్ని కదపకండి. ఫ్యాక్టరీ స్పాంజి అచ్చులో పోసి చేసింది. ముందు అంచు తొడల కిందికి వాలుగా దిగుతుంది, మధ్యలో చిన్న పల్లం ఉంటుంది. స్పాంజి పలక కొని కత్తితో కోసి ఆ ఆకారం తేవడం అంత తేలిక కాదు. గట్టిగా ఉన్న పాత స్పాంజిని పారేసి కొత్త పలక వేస్తే కుర్చీ బాగుపడదు సరికదా, మునుపటికంటే చెడుతుంది.

అలాంటప్పుడు పాత గుడ్డ మీదే కొత్తది బిగించడం మేలు. గంటన్నర, రెండు గంటల పని. అయితే రాలుతున్న రెగ్జిన్ పొరను ముందు గీకి తీసేయాలి, లేకపోతే ఆ పెంకులు కొత్త గుడ్డ కింద ఇసుకలా గరగరమంటాయి. అడుగున పాత గుడ్డ మడతలను స్టేప్లర్ పిన్నుల వరుస దగ్గరికి కత్తిరించేయాలి. మూలల్లో పాత కుచ్చు మీద కొత్త కుచ్చు పడితే మందం రెట్టింపై, అడుగున ఉండే ప్లాస్టిక్ మూత క్లిప్పులు పట్టవు. సీటుకు చెమట వాసన పట్టినా, ఎప్పుడో నీళ్లు ఒలికి లోపల బూజు వచ్చినా ఈ దారి వద్దు.

స్పాంజి కూలిపోతే ఊడదీయక తప్పదు. అర పూట పడుతుంది. ఇందులో ఇంకో లాభమూ ఉంది. బోల్టులు పట్టే టీ-నట్లు ప్లైవుడ్‌కి పై వైపు నుంచి దిగగొట్టి ఉంటాయి. వాటిలో ఒకటి వదులై బోల్టుతో పాటు తిరుగుతుంటే, స్పాంజి తీసినప్పుడే దాన్ని సుత్తితో మళ్లీ బిగించగలం.

ఏ దారైనా సీటు విప్పడం ఒకటే. కుర్చీని తలకిందులు చేసి, సీటును కాలికి కలిపే ఇనప పళ్లేన్ని (మెకానిజం) పట్టి ఉంచే నాలుగు బోల్టులు తీస్తే సీటు చేతికొస్తుంది. 4, 5, 6 మి.మీ. ఆలెన్ కీలు (బోల్టు తలలోని ఆరు పలకల గుంటలో పట్టే వంపు కడ్డీలు) దగ్గర ఉంచుకోండి. ఏ బోల్టు ఏ రంధ్రానిదో కాగితం మీద గుర్తు పెట్టుకోండి. చేతి ఆనుల బోల్టులు తరచుగా పొడవుగా ఉంటాయి, అవి పొట్టి వాటి చోటికి వెళ్తే కొన ప్లైని దాటి స్పాంజిలోకి పొడుచుకొస్తుంది. కుర్చీని పైకీ కిందికీ జరిపే గ్యాస్ సిలిండర్ జోలికి పోనక్కర్లేదు. అందులో వాయువు ఒత్తిడితో ఉంటుంది, దాన్ని వేడి చేయడం, డ్రిల్ చేయడం ప్రమాదం.

ఏ స్పాంజి?

కొనేటప్పుడు వేలితో నొక్కి 'గట్టిగానే ఉంది' అనుకోవడం దగ్గరే మోసపోతాం. గట్టిదనం వేరు, డెన్సిటీ వేరు. తక్కువ డెన్సిటీ స్పాంజిని కూడా గట్టిగా చేయొచ్చు, కొన్ని నెలల్లో అది అప్పడమవుతుంది. డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు స్పాంజి బరువు, కిలోల్లో. వంటింటి తూకంతోనే తేల్చుకోవచ్చు. 50 × 50 సెం.మీ., 5 సెం.మీ. మందం ఉన్న ముక్క 40 డెన్సిటీదైతే సరిగ్గా అర కిలో తూగాలి. 32 అయితే 400 గ్రాములు. 300 గ్రాములు కూడా లేకపోతే అది దిండ్లకు తప్ప సీటుకు పనికిరాదు.

రోజుకు ఏడెనిమిది గంటలు కూర్చునే సీటుకు 40కి తగ్గకండి. స్పాంజి తునకలు అదిమి చేసే రీబాండెడ్ స్పాంజి తొందరగా కుంగదు, కానీ విడిగా వేస్తే బల్ల మీద కూర్చున్నట్టే. అడుగున 2 సెం.మీ. రీబాండెడ్, పైన 3 సెం.మీ. మెత్తటిది వేస్తే కుదురుతుంది. మెమరీ ఫోమ్ ఒంటి వేడికి మెత్తబడి చెక్క దాకా దిగిపోతుంది, పైన 2 సెం.మీ. పొరగా అయితే ఫరవాలేదు.

మందం పెంచితే సుఖం పెరుగుతుందన్న ఆశ వదులుకోండి. 5 బదులు 8 సెం.మీ. వేస్తే చేతి ఆనులు మీకు 3 సెం.మీ. కిందికి దిగినట్టవుతాయి. నడుముకు ఆనాల్సిన ఉబ్బు కూడా అంతే దిగుతుంది. పొట్టివాళ్లకు పాదాలు నేలకు ఆనవు.

స్పాంజిని చెక్క కంటే చుట్టూ 1 సెం.మీ. పెద్దగా కోయండి. పొడవాటి రంపపు పళ్ల కత్తి చాలు, అదమకుండా ముందుకూ వెనక్కూ ఆడించాలి. ముందు అంచు అడుగు భాగాన్ని ఏటవాలుగా చెక్కేసి, ఆ వాలును చెక్కకు అంటిస్తే అంచు కిందికి వంగుతుంది. ఈ ఒక్కటి మానేస్తే తొడలు ఒత్తుకుని కాళ్లు తిమ్మిరెక్కుతాయి. రబ్బరు గమ్ రెండు వైపులా పలచగా రాసి, వేలికి జిగటగా తగిలేదాకా ఆరనిచ్చి అంటించాలి. మందంగా పూస్తే ఎండి పెంకులా తగులుతుంది. పైన పలచటి పాలిస్టర్ దూది పొర పరిస్తే గుడ్డ స్పాంజిని పట్టుకోకుండా సాఫీగా జారుతుంది.

రెగ్జినా, గుడ్డా?

ఎక్కువసేపు కూర్చునేవారికి నేసిన పాలిస్టర్ సోఫా గుడ్డ మేలు. గాలి ఆడుతుంది, చెమట ఆరుతుంది. పైగా తప్పును మన్నిస్తుంది: పిన్ను తీసి మళ్లీ లాగి కొడితే పాత రంధ్రం కనపడదు. రెగ్జిన్‌లో ఒకసారి పడ్డ రంధ్రం పడ్డట్టే. కానీ టీ ఒలికే బల్లల దగ్గర, పిల్లలున్న ఇంట్లో రెగ్జినే నయం, తడి గుడ్డతో తుడిస్తే సరి. తీసుకుంటే పీవీసీ ప్లాస్టిక్ పూత ఉన్న రకం తీసుకోండి. పీయూ (పాలీయురెథేన్) పొర తేమకూ చెమటకూ కొన్నేళ్లలో విడిపోయి పొట్టు రాలుస్తుంది. పీవీసీ ఏళ్లు గడిస్తే బిరుసెక్కి మడతల్లో పగులుతుంది గానీ పొట్టు రాలడం అరుదు.

రెగ్జిన్ వేస్తే గాలికి దారి వదలాలి. కూర్చోగానే స్పాంజిలోని గాలి బయటికి పోవాలి, దారి లేకపోతే సీటు బుస్సుమంటుంది, కుట్లుంటే తెగుతాయి. ప్లైలో రంధ్రాలు లేకపోతే 10 మి.మీ.వి నాలుగైదు వేయండి.

గుడ్డ కొనేటప్పుడు మార్టిండేల్ రాపిడి అంకె, అంటే ఎన్ని రుద్దుళ్లకు గుడ్డ తట్టుకుంటుందో, అడగండి. ఆఫీసు వాడకానికి 30,000 ఉంటే నిశ్చింత. 50 సెం.మీ. సీటుకు 75 సెం.మీ. చదరపు ముక్క సరిపోతుంది: స్పాంజి మందం, చెక్క మందం, అడుగున మడత 5 సెం.మీ., రెండు వైపులా.

పిన్నులు కొట్టడం

ఇక్కడే చాలా సీట్లు చెడతాయి. గుడ్డను తిరగేసి పరిచి, పైన సీటును బోర్లించండి. పడుగు (గుడ్డ నిలువు పోగు) సరిగ్గా ముందు నుంచి వెనక్కి ఉండాలి, ఏటవాలుగా పడితే నెల తిరక్కుండా సీటు మెలి తిరిగినట్టు కనిపిస్తుంది. ముందు అంచు మధ్యలో ఒక పిన్ను, వెనక మధ్యలో ఒకటి, తర్వాత కుడి, ఎడమ. ఆపైన ప్రతి మధ్య పిన్ను నుంచి మూలల వైపు, ఎదురెదురుగా, 2–3 సెం.మీ.కి ఒకటి. ఒక వైపంతా ముగించి రెండో వైపుకి వెళ్తే గుడ్డ అటు గుంజుకుపోతుంది. మూల దగ్గర 6–7 సెం.మీ. వదిలి ఆఖర్న చూసుకోండి. గుండ్రటి మూలలో ఒక పెద్ద మడత కంటే ఆరేడు చిన్న కుచ్చులు నయం, మధ్యది ముందు కొట్టి అటూ ఇటూ పంచాలి. బిరుసు రెగ్జిన్‌ని కాసేపు ఎండలో పెడితే సాగుతుంది.

12 మి.మీ. ప్లైకి 8–10 మి.మీ. పిన్నులు. సీటు అడుగు ప్లై కాకుండా ప్లాస్టిక్‌దైతే చేతి స్టేప్లర్ పిన్ను దిగదు, వంగిపోతుంది. అప్పుడు గుడ్డ అంచును గొట్టంలా మడిచి కుట్టి, లోపల గట్టి నైలాన్ తాడు దూర్చి గుంజి ముడి వేయాలి. ఇలాంటి సీటుకు గుడ్డ కాస్త సాగేదై ఉండాలి.

బోల్టు రంధ్రాల మీద పడ్డ గుడ్డను డ్రిల్‌తో తీయొద్దు, పోగు బిట్టుకు చుట్టుకుని సీటు పొడవునా లాక్కొస్తుంది. దబ్బనంతో గుచ్చి, చుట్టూ కత్తిరించండి. నాలుగు బోల్టులూ ముందు చేత్తో ఎక్కించి, ఆ తర్వాతే కీతో వంతులవారీగా బిగించండి. మెకానిజం కింద ఇరుక్కున్న గుడ్డ కూర్చునేకొద్దీ నలిగి పలచబడుతుంది, బోల్టులు వదులవుతాయి. వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఇంకోసారి కీ వేసి చూడండి.